మగ్గాల ఇంట్లో ఆరోగ్యమాత

నగరిలో ఆరోగ్యమాత గుడికి కొత్త కప్పు పడింది, గోడలకు రంగులు పడ్డాయి, మైకు సెట్టు కూడా కొత్తది వచ్చింది. ఆదివారం కృతజ్ఞతా పూజ. విచారణలో, అంటే ఆ గుడికి చెందిన క్రైస్తవ కుటుంబాల్లో, అందరూ సంతోషంగా ఉన్నారు, ఒక్క సగాయమ్మ తప్ప. ఆమెకు మాత్రం ఆ గుడి ఇంకో నాలుగేళ్ళు కూలిపోయే ఉంటే బాగుండుననిపించింది.

తప్పు మాటే, కాదనను. కానీ సంగతంతా వింటే మీరు కూడా ఆమెను తిట్టడానికి నోరు రాక ఊరుకుంటారు.

నిరుడు తుపాను వానకు గుడి కప్పు పీఠం మీదికి వచ్చి పడింది. మాత స్వరూపానికి మాత్రం గీత కూడా పడలేదు. ఇప్పుడీ తల్లిని ఎక్కడ పెట్టాలిరా దేవుడా అని ఫాదర్ జోయల్ తల పట్టుకుంటే, గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి అంతోనయ్య నేరుగా సగాయమ్మ ఇంటికి నడిచాడు. ఆ వీధిలో అంత పెద్ద ముందుగది ఇంకెవరికీ లేదు. అందులో ఆమె మొగుడు ఇన్నాసి నడిపిన రెండు మరమగ్గాలు ఉండేవి. ఇన్నాసి ఆ ఏడు వేసవిలోనే గుండెపోటుతో పోయాడు. పిల్లాజెల్లా లేరు. నడిపే దిక్కులేక ఆమె మగ్గాలు అమ్మేసింది. పెళ్ళయినప్పటినుంచీ ఆ మగ్గాల చప్పుడు మధ్య ఒకరికొకరు కేకలేసుకుంటూ కాపురం చేసిన మనుషులు వాళ్ళు. మగ్గాలు కదిలిపోయాక ఆ ఇంట్లో చెంచా కిందపడినా ఆమె గుండె ఝల్లుమనేది.

"ఒకటి రెండు నెలలేక్కా. కప్పు ఏసేస్తానే తీసకపోతాము," అన్నాడు అంతోనయ్య.

"తల్లి ఇంటికొస్తానంటే ఎన్నాళ్ళుంటావని అడుగుతారా యాడన్నా? తోడుకోని రా పో," అంది సగాయమ్మ.

ఒకటి రెండు నెలలు కాస్తా ఏడాదయింది. సాయంత్రమైతే జపమాలకు జనం, ఆదివారమైతే పూజకు జనం. మగ్గాలు ఊడదీసిన గుంతల మీద చాపలు పరుచుకొని కూర్చునేవాళ్ళు. ఆ వీధి స్టెల్లా బిడ్డకు జ్ఞానస్నానం ఆ గదిలోనే జరిగింది. కాణిపాకం వినాయకుడు తప్ప ఇంకో దేవుణ్ణి ఎరగని పక్కింటి మునిరత్నమ్మ కూడా గుగ్గిళ్ళు చేసుకొని మరీ వచ్చేది. జపం ముగిసినా ఆడవాళ్ళు లేచేవాళ్ళు కాదు. ఆ ఏడు ఎవరి బతుకూ సవ్యంగా లేదు మరి. ఊళ్ళో సగం మగ్గాలు ఆగిపోయాయి, చేలల్లో నీళ్ళు నిలిచి చెనక్కాయలు భూమిలోనే మొలకెత్తాయి. ఏడ్చేవాళ్ళు ఆ చాపల మీదే ఏడ్చారు, కడుపుబ్బ నవ్వినవాళ్ళూ ఆ చాపల మీదే నవ్వారు.

అందరూ వెళ్ళాక సగాయమ్మ, మాత మిగిలేవాళ్ళు. అప్పుడు సగాయమ్మ మాట్లాడేది. ప్రార్థన అనుకునేరు, అదేం కాదు, వట్టి ఊసులు. చింతపండు ధర, మోకాలి నొప్పి, ఇన్నాసి మీద చాడీలు. "నువ్వన్నా అడుగు తల్లీ ఆ మనిషిని. సెప్పాపెట్టకుండా అట్ల పోతారా ఎవురన్నా?" అనేది. అడిగినంతసేపూ కొంగుతో మాత ముఖం మీది దుమ్ము తుడుస్తూనే ఉండేది.

ఇక గుడి పని సంగతి. మేస్త్రీ వెంకటముని ఆ వీధిన పోతుంటే చాలు, సగాయమ్మ పిలిచి కూర్చోబెట్టేది. టీ, మురుకులు, మళ్ళీ టీ. ఆయనా కబుర్ల మనిషే, కూర్చుంటే లేవడు. పని సాగకపోవడానికి సిమెంటు దొరక్కపోవడం సగం కారణమైతే సగాయమ్మ టీ సగం కారణం. వాన మొదలై పని ఆగిన రోజున ఆమె మొహం చూడాలి, కళకళలాడేది.

ఎంత లాగినా కొత్త కప్పు పడకుండా ఉంటుందా? పడింది.

ఆదివారం పొద్దున బ్యాండుతో వచ్చి మాతను తీసుకెళ్ళారు. సగాయమ్మ వెనకాలే నడిచింది. పూజ ముగిశాక ఫాదర్ జోయల్ ఆమెను పీఠం దగ్గరికి పిలిచి, ఏడాదిపాటు ఇల్లే గుడి చేసిన తల్లి అని చెప్పి శాలువా కప్పాడు. చప్పట్లు మోగాయి. మైకు ఆమె చేతిలో పెట్టారు.

"నాకెందుకు ఫాదర్ శాలువా," అంది సగాయమ్మ. "గుడి బిన్నా కావాలని మీరందరూ మొక్కుకున్నారు. లేటు కావాలని నేను మొక్కుకున్నాను. నిజంగానే మొక్కుకున్నాను."

గుడంతా ఘొల్లుమని నవ్వింది. సగాయక్క ఎప్పుడూ ఇంతే, భలే మాట్లాడుతుంది అనుకున్నారు. ఆమె మైకు పట్టుకొని అలాగే నిలబడిపోయింది. నవ్వనిది ఫాదర్ జోయల్ ఒక్కడే. దగ్గరికొచ్చి, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, మెల్లిగా అన్నాడు.

"ఏడాది పట్టింది గదమ్మా. ఆ తల్లి ఎవురి మాట ఇనిందో నువ్వే సూడు."

"ఇనింది ఫాదర్," అంది సగాయమ్మ. "ఏడాదికే ఇనింది."

ఆయన మైకు తీసుకొని, అందరినీ భోజనాలకు లెమ్మన్నాడు.

అందరూ భోజనాలకు షామియానా కిందికి కదిలారు. సగాయమ్మ లోపలే ఉండిపోయింది. మాత ఇప్పుడు గోడలో కట్టిన గూట్లో, అద్దం వెనక, చెయ్యి అందని ఎత్తులో ఉంది. అక్కడికి వినిపించాలంటే గట్టిగా మాట్లాడాలి. గుడిలో చింతపండు ధర గట్టిగా చెప్పడానికి ఎంత సగాయమ్మకైనా సిగ్గేసింది. ఇంటికి వెళ్ళాలని లేదు, ఇక్కడ ఉండిపోనూ లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

"పెద్దమ్మా, ఆకులేసినారు, రా," అని వాకిట్లోంచి స్టెల్లా పిలిచింది.

సగాయమ్మ శాలువాతోనే కళ్ళు తుడుచుకొని లేచింది. తలెత్తి గూటివైపు చూసింది.

"నేను దినామూ వస్తాలే. నువ్వు గూడా ఒకతూరి ఇంటికొచ్చిపో తల్లీ," అంది.

రాదని ఆమెకు తెలియదా? ఇన్నాసిని సమాధి చేసిన రోజు, అందరూ వెనక్కి తిరిగాక, ఆ మట్టి దగ్గర నిలబడి ఆయనతోనూ ఇదే మాట అంది. ఆ రాత్రి నుంచి ఇంటి తలుపుకు లోపలి గడియ పెట్టడం లేదు.