ఎవరూ తెరవని పేజీ

ఆఫీసులో ఆమెను అందరూ పంతులమ్మ అంటారు. ఏ టూల్ తయారైనా దాన్నెలా వాడాలో రాసేది ఆమే. రాసింది మాత్రం ఒక్కరూ చదివి చావరు.

ఈసారి ప్రోగ్రాములు నడిచే కంటైనర్లను ఏఐ ఏజెంటే ఆపగలిగే టూల్ వచ్చింది. "ఎవరూ వాడని కంటైనర్‌ను ఆపెయ్యి. ఎందుకు ఆపావో చెప్పు," అని ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది.

ఏజెంట్‌ను పనిలోకి దింపగానే ఆమె రాసిన పేజీయే తెర మీంచి మాయమైంది. కింద కారణం కనిపించింది: "ఈ పేజీ ఉన్న కంటైనర్‌ను ఆపాను. నేను చదివేశాను. ఇంకెవరూ తెరవలేదు."

"కొంప ముంచింది మేడమ్! దీన్ని పీకేద్దాం," అన్నాడు పక్క సీటు ప్రోగ్రామర్.

పంతులమ్మ పగలబడి నవ్వింది.

"దాని జోలికెళ్లకు నాయనా! ఇన్నేళ్లకి నా రాత చదివినవాడు ఒకడు దొరికాడు."