గాజు అలమరాలోని నల్లరాయి

డ్రెస్డెన్‌లో ఆకులు రాలుతుండగా దసరా వచ్చింది. పాత యురేనియం గనుల నీటిని పరీక్షించే పరిశోధక విద్యార్థిని నవ్యశ్రీ, తన రేడియేషన్ మీటరుకు ఆయుధపూజ చేయదలచింది. ఇంటి యజమానురాలు, ఎనభై దాటిన ఫ్రావ్ లింకె, ముచ్చటపడి హాలులోని గాజు అలమరా పైభాగాన్ని తుడిచి ఇచ్చింది.

పసుపు, కుంకుమ, రెండు చామంతులు.

"మీటర్‌కి బొట్టు పెడుతున్నవా అక్కా?" పూజకు వచ్చిన సహవిద్యార్థి జితేంద్ర నవ్వాడు. "ప్రొఫెసర్ చూసిండంటే నిన్నే ల్యాబ్‌ల కూసోబెట్టి హారతిస్తడు."

"నీ లాప్‌టాప్ కూడా పట్రా. థీసిస్ కదలట్లేదన్నావుగా, దానికీ పెడతాను."

"ముందు దీన్ని ఆన్ చెయ్యి. నిద్రపోతున్న దేవునికి మొక్కుతరా ఎవరన్న?"

ఆమె మీట నొక్కింది. మీటరు టిక్కుమంది, మళ్లీ టిక్కుమంది, ఆపై ఆగకుండా, రేకుల కప్పుపై వడగళ్లు పడినట్టు మోగసాగింది.

ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. నవ్యశ్రీ మీటరును అలమరా అద్దం వెంట మెల్లగా కిందికి దించింది. పింగాణీ కప్పుల మధ్య, అల్లిక గుడ్డ మీద, పిడికిలంత నల్లరాయి. యురేనియం ఖనిజం.

"అది మా నాన్నది," అంది ఫ్రావ్ లింకె జర్మన్‌లో.

యుద్ధం ముగిశాక, సోవియట్ అణుబాంబుల కోసం ఇక్కడి కొండలను తవ్విన వేలమందిలో ఆయన ఒకడు; తన పనికి గుర్తుగా ఆ రాయిని ఇంటికి తెచ్చుకున్నాడు. దేనికోసం తవ్వుతున్నాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊపిరితిత్తులు పాడై, నడివయసులోనే పోయాడు.

నవ్యశ్రీ మాటలు వెతుక్కుంటూ, ఆ రాయి ఇంట్లో ఉండకూడదని, అధికారులకు అప్పగించాలని చెప్పింది. వృద్ధురాలు రాయిని చూడలేదు. మోగుతున్న మీటరునే చూసింది.

"చివరి చలికాలం నాన్న లేవలేకపోయాడు. కళ్లెదుట ఉంటే సంతోషిస్తాడని నేనే దాన్ని దిండు పక్కన పెట్టాను. అమ్మాయీ, ఆయన్ని నేనే చంపానా?"

"లేదు, ఫ్రావ్ లింకె. గనిలో పీల్చిన గాలే చంపింది. మీరు రాయి పెట్టేనాటికే జబ్బు ముదిరిపోయింది."

అది నిజం. నవ్యశ్రీ చదివిన చదువంతా అదే చెబుతుంది.

"మరి ఇది ఎందుకు ఇంతలా అరుస్తోంది?"

జితేంద్ర చప్పున మీటరు ఆపేశాడు. గది నిశ్శబ్దమైంది.

"ఆ రోజుల్లో కూడా ఇల్లు ఇలాగే ఉండేది," అందామె. "మాకేమీ వినిపించలేదు."

అలమరా తలుపు తెరిచి, చేయి చాచి, ఆగిపోయింది. బతుకంతా తానే తుడుస్తూ వచ్చిన రాయిని తాకవచ్చునా అని నవ్యశ్రీని కళ్లతోనే అడిగింది.

నవ్యశ్రీ సంచిలోంచి చేతితొడుగులు తీసి, వేళ్లు ఒక్కొక్కటే సరిచేస్తూ, ఆమెకు తొడిగింది.