నల్ల తెర మీద ఒక్క వరుస

కుమారస్వామి పేరెత్తితే ఉప్పలయ్య ఇప్పటికీ చాయ్ సగంలో వదిలేసి లేస్తాడు. ఆ మనిషి తిట్టి పోయి ఉంటే ఎప్పుడో మరచిపోయేవాడు. నమ్మించి ముంచాడు.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉప్పలయ్య ఇంటర్నెట్ దుకాణం మాత్రం తెరిచే ఉండేది.

"జనగామ కమిటీ వెబ్‌సైట్ నువ్వే నడుపు. హైదరాబాద్ పెద్దమనుషులకు నచ్చిందనుకో, మహబూబాబాద్‌దీ, భూపాలపల్లిదీ నీకే ఇప్పిస్త. నెలజీతం" అన్నాడు కుమారస్వామి, ఆ కమిటీకి కన్వీనర్. ఆ మాట పట్టుకొని ఉప్పలయ్య ఉన్న కాస్త మెట్ట భూమి, చెలక, అమ్మి కంప్యూటర్లు కొన్నాడు.

చదివింది ఏడో తరగతి. అయినా పని పట్టుకున్నాడు. నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక్క వరుస కొట్టాలి. దాన్ని గోడ మీద సుద్దతో రాసుకొని, ఒక్కో అక్షరం చూసి కొట్టేవాడు. ఎంటర్ నొక్కితే తన ఫోల్డర్‌లో ఏముంటే అదే వెబ్‌సైట్‌కు ఎక్కుతుంది. ఫోల్డర్‌లోంచి తీసేసింది అక్కడా మాయమవుతుంది.

పెద్దమనుషులు చూసే రోజు పొద్దున్నే కుమారస్వామి దిగాడు. "సంజీవగాని మనుషుల ఫోటో ఒక్కటి ఉండొద్దు. నిన్న రైల్‌రోకోల నా ముందట కూసున్నడు వాడు."

"పట్టాల మీద ముందటేంది, ఎనకేంది అన్నా?"

"చెప్పింది చెయ్యి."

తీసేశాడు. గంటకు కమిటీ కోశాధికారి సంజీవ వచ్చాడు.

"సర్వర్ కిరాయి కట్టేది ఎవలు? నేను. కుమారస్వామోళ్ల మొఖాలు కనవడ్డయనుకో, రేపటికెల్లి నువ్వే కట్టుకో."

అవీ తీసేశాడు. ఈ ఇద్దరి మనుషులూ కానివాడు కమిటీలో ఒక్కడూ లేడని అప్పుడు గాని తెలియలేదు. అప్పటికే ఎంటర్ కొట్టాడు. తప్పులేమీ లేవు, పని పూర్తయిందని చెప్పింది మిషన్. వెబ్‌సైట్‌లో పైన 'జై తెలంగాణ', కింద తెల్లకాగితమంత ఖాళీ. పాతవి మళ్లీ ఎక్కిద్దామనుకునేలోపు కరెంటు పోయింది.

సాయంత్రం కమిటీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడే పోయాడు. లోపల పెద్దమనుషులు లాప్‌టాప్ ముందు కూర్చుని తలలూపుతున్నారు.

"ఎక్కడ చూసినా లీడర్ల బొమ్మలే. మీ దగ్గర ఒక్కటి లేదు. ఉద్యమమంటే గిట్లుండాలె. ఎవరిదీ ఆలోచన?"

"నాదే సార్" అన్నాడు కుమారస్వామి.

"ఇద్దరం కూసొని అనుకున్నం సార్" అన్నాడు సంజీవ. నెల తర్వాత వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది అప్పుడే.

"చేసిందెవరు?"

కుమారస్వామి తన మేనల్లుడు మహేశ్ భుజం మీద చెయ్యి వేశాడు. "మా పోరడు సార్. ఇంజనీరింగ్."

ఉప్పలయ్య కుమారస్వామిని పక్కకు లాగాడు. "అన్నా, మరి నా సంగతేంది?"

"నువ్వేం చేసినవ్ ఉప్పలయ్యా? ఉన్నయి తీసేసినవ్. తీసుడు గూడ పనేనా?"

మూడు ఊళ్ల వెబ్‌సైట్లూ మహేశ్‌కే పోయాయి. ఆ తర్వాత తెలంగాణ వచ్చింది. పెద్దవంగర శివారులో ఉప్పలయ్య అమ్ముకున్న చెలక మాత్రం రాలేదు. ఎకరం పదమూడు గుంటలు.