సిపాయి రంగుల పుస్తకం

పొద్దున్నే గరిటె పట్టుకుని కుక్క వెనక తిరగడం నా పని. అరకు చలిలో శాలువా కప్పుకుని, సిపాయి కాలెత్తగానే పొడుగు కాడ గరిటె కిందికి చాచాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంకో గంట కాపలా.

"ఏటిది? నలుగురూ సూస్తే ఏటనుకుంటారు? తెలుగు పంతులి పెళ్లాం కుక్క ఉచ్చ పడతందంటారు" అని మా ఆయన సువార్తరావు కిటికీలోంచి విసుక్కుంటాడు. బళ్లో గ్రాంథికం, ఇంట్లో యాస. అనుకోనీ. ఆరేళ్లు వాళ్లమ్మ తెరిసమ్మగారికి ఇదే పరీక్ష చేశాను. అప్పుడెవరూ ఏమీ అనుకోలేదు, కనీసం మంచి కోడలని కూడా. గాజు గొట్టంలో నీలి మందు పోసి, ఎనిమిది చుక్కల ఉచ్చ కలిపి, స్పిరిటు దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగు తిరిగిందంటే జబ్బు ముదిరినట్టు. ఆవిడ పోయాక అవన్నీ అటకెక్కాయి. "ఇంక నువ్వు కాళీయే గదా" అన్నాడాయన.

సిపాయి సంగతి మొదట పసిగట్టింది కట్టెలు తెచ్చే సోములమ్మ. "అమ్మా, నీ కుక్క ఉచ్చ కాడ సీమలు పట్టేసినాయి, సూసినావా?" అంది. చూశాను. అటక మీంచి గొట్టం దింపాను. ఇటుక రంగు!

కిరండూల్ రైల్లో విశాఖపట్నం తీసుకెళ్తే పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేసి చక్కెర జబ్బేనన్నాడు. సూదిమందు రాసిచ్చి, "రోజూ రెండు పూటలా ఇంట్లో చూసుకుంటూ, నేను చెప్పిన లెక్కన మందు పెంచాలి, తగ్గించాలి. చేతకాకపోతే నెలకి తీసుకురండి, బాధ లేకుండా నిద్రపుచ్చేస్తాను" అన్నాడు. మా ఆయన అప్పుడే కానిచ్చెయ్యమన్నాడు. నేను గొలుసు వదల్లేదు.

పైన "మార్చి, 1978" అని రాసి, నోట్‌బుక్కులో పూటకో గడి గీశాను. వచ్చిన రంగును బడిపిల్లల పెన్సిళ్లతో నింపి, పక్కన మందెంతో రాసేదాన్ని. ఆయన ఒక్క పూటా గరిటె ముట్టలేదు గానీ, ఎర్రసిరాతో నా ఒత్తులు మాత్రం దిద్దాడు. మొదటి పేజీ అంతా ఇటుకలే. మూడో వారానికి ఆకుపచ్చ. ఆ తరవాత ఒకరోజు పొద్దున మందు ఎంత మరిగినా నీలంగానే నిలబడింది. సిపాయిని కావలించుకుని ఏడ్చాను. అంత గర్వం నాకు పెళ్లయ్యాక ఎప్పుడూ కలగలేదు.

నెలకి మళ్లీ వెళ్లాం. డాక్టరు పేజీలన్నీ తిరగేసి, సిపాయి తల నిమిరాడు.

"దీనికింక భయం లేదు. ఇంత శ్రద్ధగా మా కాంపౌండరు కూడా రాయడు. ఎవరు రాశారండీ?"

మా ఆయన చొక్కా సర్దుకున్నాడు. "ఇంట్లో మేమే రాశామండీ."

పద్దెనిమిదేళ్లుగా నా వంటా, నా రాత్రి జాగారాలూ, వాళ్లమ్మకి చేసిన చాకిరీ అన్నీ ఆ 'మేము'లోనే కలిసిపోయాయి. ఈ నీలాన్ని మాత్రం కలవనివ్వదలుచుకోలేదు.

"రాశాం కాదండీ" అన్నాను, తెలుగు పంతులుగారినే చూస్తూ. "రాశాను. ఏకవచనం."