నిద్రపుచ్చిన పెట్టె

“ఒరే బామ్మర్దీ, హారన్ ఎందుకు మోగలేదురా?”

కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో, రెండు కళ్ళకూ మందపాటి కట్టుతో పడుకున్న పైపు ఫిట్టర్ ఆ మాట అడగడం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. అడిగినప్పుడల్లా మంచం పక్కన కూర్చున్న ఫోర్‌మన్ నీళ్ళగ్లాసును బల్లమీద ఆ చివరనుంచి ఈ చివరకు జరుపుతున్నాడు.

“వాణ్ణడిగితే ఏం తెలుస్తుంది? హారన్ వాడేమన్నా మింగాడా?” అంది ఫోర్‌మన్ అక్క, నారింజ తొనలు ఒలుస్తూ.

“మా యూనిట్లో హారన్ దోమ తుమ్మినా మోగి చస్తుందే! నీ గురక గనక వినిపించిందా, ఫ్యాక్టరీ మొత్తం ఖాళీ చేయిస్తుంది.”

“కళ్ళు పోయినా నోరు మాత్రం...” అని నవ్వబోయి అక్క సగంలో ఆగిపోయింది. అన్నమాట ఆమెకే గుచ్చుకుంది. తొన భర్త నోటికందించి ముఖం పక్కకు తిప్పుకుంది.

కుడికన్ను దక్కదని వైద్యులు నిన్ననే తేల్చారు. నెల తిరక్కుండా పెద్దాసుపత్రిలో శస్త్రచికిత్స జరిగితే ఎడమకంటి చూపు కొంత నిలుస్తుంది. దానికయ్యే ఖర్చు ఫిట్టర్ రెండేళ్ళ జీతం. ప్రమాదం ఫ్యాక్టరీ లోపంవల్ల జరిగిందని తేలితే కంపెనీ భరిస్తుంది; ఫిట్టర్ సొంత తప్పని తేలితే నయాపైసా ఇవ్వదు.

“పదకొండింటికి విచారణ ఉంది బావా, వెళ్ళొస్తా” అని ఫోర్‌మన్ లేచాడు.

“వెళ్ళిరా. అక్కడ నువ్వున్నావుగా, నాకేం బెంగ!”

ఆ మాట మెట్లు దిగుతున్నంతసేపూ అతని వెన్నంటే వచ్చింది.

నలభై దేశాలకు ఎరువు పంపే సంస్థ అది. ఒక దేశపు భూగర్భంనుంచి గ్యాసు తోడి, మరొక దేశంలో దాన్ని అమోనియాగా మార్చి, చలువ ఓడల్లో ఈ రేవుకు తెస్తారు. ఇక్కడ అది ఎరువై, పదకొండు భాషలు అచ్చువేసిన బస్తాల్లో మళ్ళీ సముద్రాలు దాటుతుంది. ఇంత పెద్ద చక్రం ఎక్కడా ఒక్క ఘడియ నిలవకూడదు. రేవులో ఓడ ఆలస్యమైతే గంటకు చెల్లించే జరిమానా, అక్కడి కూలి ఏడాది సంపాదన కంటే ఎక్కువ.

ఓడనుంచి అమోనియా దించే జెట్టీ మీద, గొట్టం అతుకు దగ్గర, గ్యాసును పసిగట్టే పెట్టె ఒకటుంది. దానికి ఏమాత్రం ఘాటు తగిలినా హారన్ మోగుతుంది, పంపు ఆగిపోతుంది. తిరిగి నడపడానికి గంటన్నర పడుతుంది. అందుచేత, ఓడ వచ్చిందంటే ఖాళీ యూరియా సంచి ఒకటి దానికి తొడిగి పురికొసతో బిగించడం ఆనవాయితీ అయింది. ‘పెట్టెను నిద్రపుచ్చడం’ అని దానికి పేరు. ఎవరూ నోటితో ఆజ్ఞాపించలేదు. “ఓడ ఆగకూడదు, ఆపైన మీ తెలివి” అని మాత్రమే పైవారు అనేవారు. సత్యం పలకడమొక్కటే వ్రతంగా గల ఆ మూగయంత్రానికి, పద్నాలుగేళ్ళుగా మనుషులు నోరు కడుతూ వచ్చారు.

ఆ రోజు కట్టింది ఫోర్‌మనే. బావది లోపలి యూనిట్టు. అతుకు కారుతోందని అప్పటికప్పుడు జెట్టీ మీదికి పిలిపించారు. పెట్టె సంగతి అతనికి తెలియదు. చెబుదామనుకుంటుండగా ఓడమీదినుంచి ఎవరో కేకేశారు. ఫోర్‌మన్ అటు వెళ్ళాడు. హారన్ మోగలేదు గదా అన్న ధైర్యంతో, మాస్కు మెడలోనే వేలాడుతుండగా, బావ అతుకుమీదికి వంగాడు.

మేనేజరు గదిలో ఏసీ చల్లగా ఉంది. గోడమీది తెరలో నాలుగు నగరాలనుంచి నలుగురు అధికారులు కూర్చున్నారు. వారి భాషను తెలుగు చేయడానికి దుబాసీగా వచ్చిన అమ్మాయి బల్ల చివర కాగితాలు సర్దుకుంటోంది.

“అంతా రాసి ఉంచాం. చదివి వినిపిస్తారు, సంతకం పెట్టండి” అన్నాడు మేనేజరు. ఆపైన గొంతు తగ్గించి, “మీ పేరుకు ఏ మచ్చా రాదు. ఇంకో మూడేళ్ళు సర్వీసు ఉందిగా మీకు” అన్నాడు.

దుబాసీ చదివింది. “ఫిట్టర్ నిర్లక్ష్యంగా, మాస్కు ధరించకుండా అతుకును సమీపించాడు.” ఫోర్‌మన్ తల వంచుకున్నాడు. “హెచ్చరిక పరికరం సక్రమంగా ఉన్నట్టు తనిఖీలో తేలింది.” ఫోర్‌మన్ కలం అందుకున్నాడు. పిరికితనం ఎంత మెత్తని ఆసనమో, దానిమీద ఒకసారి కూర్చున్న మనిషికి తెలుస్తుంది.

“ప్రమాదం జరిగిన వెంటనే ఫోర్‌మన్ క్షణమైనా ఆలస్యం చేయకుండా బాధితుని చేరి, కళ్ళు నీటితో కడిగించారు. వారి అప్రమత్తతకు సంస్థ ప్రశంసాపత్రం...”

కలం కాగితం మీద ఆగిపోయింది.

“ఆ ముక్క తీసెయ్యండి” అన్నాడు ఫోర్‌మన్.

“మిమ్మల్ని మెచ్చుకున్నదేనయ్యా అది!” మేనేజరు నవ్వాడు. “సిగ్గుపడితే ఎట్లా?”

“మెచ్చుకోవద్దు సార్. నేను ముందు ఆయన దగ్గరికి పోలేదు.”

గదిలో నవ్వు ఆరిపోయింది.

“బావ కళ్ళు మూసుకుని ‘నీళ్ళు, నీళ్ళు’ అని అరుస్తున్నాడు. నేను పెట్టె దగ్గరికి పరుగెత్తాను. సంచి విప్పి నీళ్ళలోకి విసిరేశాను. తర్వాతే బావ దగ్గరికి పోయాను. కట్టింది నేనే, విప్పింది నేనే. నేను సంతకం పెట్టను.” కలం బల్లమీద పెట్టి దుబాసీ వైపు తిరిగాడు. “అమ్మా, ఇది వాళ్ళకి చెప్పు.”

“అవసరం లేదు” అన్నాడు మేనేజరు. “బంధువు గదా, మనసు బాగాలేదు. కాస్త విరామం కావాలని చెప్పండి.”

దుబాసీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత తెర వైపు తిరిగి చాలాసేపు మాట్లాడింది. ఫోర్‌మన్‌కు ఆ భాషలో ఒక్క ముక్క అర్థం కాలేదు. తను చెప్పినది చెబుతోందో, విరామమే అడుగుతోందో తెలియక, తెరమీది ముఖాలను చూస్తూ నిలబడ్డాడు.

వారిలో తెల్లజుట్టు స్త్రీ ఒకతె ముందుకు వంగి ఏదో అడిగింది.

“సంచి విప్పడానికి ఎంతసేపు పట్టింది అంటున్నారండీ” అంది దుబాసీ, తలెత్తకుండానే.

మేనేజరు కుర్చీలోనుంచి లేచాడు. ఫోర్‌మన్ అతని వైపు చూడలేదు. మూడు రోజులుగా కూర్చున్నా పడుకున్నా అతడు కొలుస్తున్నది ఆ కాలాన్నే.

“రెండు ముళ్ళు విప్పేంతసేపమ్మా” అన్నాడు. “తడి పురికొస. ఒకటి తొందరగా వచ్చింది. రెండోది ఒక పట్టాన రాలేదు.”

దుబాసీ నోరు తెరిచింది. ఆ మాటను ఏ భాషలోకీ తిప్పలేక, తెర వైపు తిరిగి రెండు చేతులతో గాలిలో ఒక ముడి విప్పి చూపించింది.