రెండు అంకె వేసిన చీటీ

నేను ఒక చీటీని, బొటనవేలంత కాగితం ముక్కను. నా ఒంటి మీద ఉన్నది ఒకే అంకె, రెండు. ఇంత చిన్నదాన్నైనా నేను చేసిన పని తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో హరిణి అనే పరిశోధక విద్యార్థిని ఒక తెల్లకాగితాన్ని నలభై ముక్కలు చేసింది. సగం వాటి మీద ఒకటి, సగం వాటి మీద రెండు వేసి, మడతపెట్టి స్టీలు డబ్బాలో పోసింది. మూడేళ్ళు దాటినా మాటలు రాని పిల్లలకు కొత్త పద్ధతిలో నేర్పి చూడటం ఆమె పరిశోధన. ఒకటి వచ్చినవాళ్ళు ప్రయోగ సమూహం. వాళ్ళకు ఆరు నెలలు నేర్పుతారు. రెండు వచ్చినవాళ్ళు నియంత్రిత సమూహం. వాళ్ళకు మొదట ఒకసారి, చివర ఒకసారి పరీక్ష పెట్టడమే తప్ప ఏమీ నేర్పరు. పోల్చి చూడటానికి ఎవరో కొందరు అలా మిగలాలట. ఎవరు మిగలాలో మనిషి తేలిస్తే పక్షపాతం వస్తుందని ఆ పని మాకు అప్పజెప్పారు. మనుషులు తెలివైనవాళ్ళు, తమ నోటితో చెప్పలేనిది చీటీతో చెప్పిస్తారు.

కామారెడ్డిలో బీడీలు చుట్టే సుగుణ మాటలు రాని తన నాలుగేళ్ళ కొడుకు వర్షిత్‌ను తీసుకొచ్చింది. వాడు డబ్బాలో చెయ్యి పెట్టి నన్నే తీశాడు. విప్పకముందే ఆమె నన్ను కళ్ళకద్దుకుంది. విప్పాక మొహం వాడిపోయింది.

“ఇంకొక్కటి తియ్యనియ్యుండ్రి మేడం.”

“అలా మారిస్తే పరిశోధన పాడవుతుందమ్మా. ఆర్నెల్లు ఓపిక పట్టు. తర్వాత మీవాళ్ళకూ నేర్పుతాం, ఈ అనుమతి పత్రంలో రాశాం చూడు.”

సుగుణ సంతకం పెట్టింది. నన్ను ఆధార్ కార్డు వెనక జాగ్రత్తగా దాచుకుంది. నన్ను చూపిస్తేనే కొడుకు వంతు వస్తుందని ఆమె నమ్మకం. కాదని చెప్పడానికి నాకు నోరెక్కడిది?

ఆరు నెలలకు ప్రయోగ సమూహంలో పదిహేనుమంది అమ్మ అన్నారు, బువ్వ అన్నారు. మా ఇరవైమందిలో ఒక్కరూ అనలేదు. ఇంత తేడా కాకతాళీయం కాదని గణాంకాలు తేల్చాయి. పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసర్ గారు హరిణిని మెచ్చుకున్నారు. ప్రాజెక్టు గడువు అక్కడితో ముగిసింది, నేర్పేవాళ్ళను పంపేశారు.

సుగుణ నాలుగుసార్లు వచ్చి తిరిగి వెళ్ళింది. ఐదోసారి నన్ను హరిణి బల్ల మీద పెట్టింది. పక్కన వర్షిత్ ఉన్నాడు, ఐదేళ్ళు నిండాయి.

“ఆ పని ఆగిపోయిందమ్మా. కానీ మీ బాబు లాంటివాళ్ళ వల్లే మాకు పెద్ద సంగతి తెలిసింది,” అంది హరిణి.

“ఏం తెల్సింది మేడం?”

“నేర్పితే ఇలాంటి పిల్లలకు మాటలు వస్తాయని.”

“తెల్సింది గదా. మరి నేర్పుండ్రి.”

హరిణి చెడ్డది కాదు. తల దించుకుంది. సుగుణ నన్ను బల్ల మీదే వదిలేసి, కొడుకును చంకనేసుకుని బస్సుకు వెళ్ళిపోయింది. సాయంత్రం గది ఊడ్చేవాళ్ళు నన్ను చెత్తబుట్టలో వేశారు.

ఆ రోజు నా మీద ఒకటి వేసి ఉంటే వాడీపాటికి అమ్మా అనేవాడేమో. అప్పుడు ఇదే బల్ల ముందు ఇంకో తల్లి నిలబడేది.