లాప్‌టాప్ కింది మెత్త

మనసులో చదువుకున్న ప్రార్థన దేవుడి దాకా వెళుతుందా, పైకి చదివితేనే వెళుతుందా? ఈ సందేహం చిన్నక్కని ఏడేళ్ళుగా వదల్లేదు. ఒకసారి ఉండబట్టలేక ప్రార్థన చేయించే పెద్దాయన్ని అడిగింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, మనసు ముఖ్యమమ్మా, నోటిదేముంది అన్నాడు. అందరికీ చెప్పే మాటే ఈమెకీ చెప్పాడు. అందులో ఆయన తప్పేం లేదు. ఈమె పూర్తిగా అడిగితే కదా ఆయన పూర్తిగా చెప్పేది. ఆ చదివే నోరు మూయించింది తనేనన్న ముక్క ఈమె గొంతు దాటి రాలేదు.

ఆ మేడలో ఉన్న పన్నెండు వాటాల వాళ్ళకీ ఆమె చిన్నక్కే. ఇద్దరక్కచెల్లెళ్ళూ పెళ్ళిళ్ళు చేసుకోకుండా ఒకే ఇంట్లో ఉండిపోయారు కాబట్టి ఒకరు పెద్దక్క, ఒకరు చిన్నక్క. పెద్దక్క పోయి రెండేళ్ళయింది. పెద్దది లేకుండా చిన్నది అనడంలో అర్థమేముందని ఎవరికీ తోచలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, జుట్టు సగం పైగా నెరిసిపోయింది, ఇంకా చిన్నక్కే.

ఆమె పని చెవులతో. ఆసుపత్రి డాక్టర్లు రోగుల్ని చూశాక, చూసిందంతా గబగబా రికార్డు చేసి పంపిస్తారు. ఈమె చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఇంట్లోనే కూర్చుని, అది విని టైపు చేసి, మొదటి ఫైలు పొద్దున తొమ్మిది లోపల తిరిగి పంపాలి. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దింది. అది మూతపడ్డాక ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చుంది. ఆ ఎనిమిది నెలల్లోనే పెద్దక్క మొక్కుకుంది. చెల్లికి పని దొరికితే ప్రార్థన పుస్తకంలోని నలభై అధ్యాయాలూ, పొద్దునకొకటి చొప్పున, పైకి చదువుతానని.

పని దొరికింది. లాప్‌టాప్ ఇంటికొచ్చింది. పెద్దక్క మొదలుపెట్టింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఏడింటికల్లా, గొంతెత్తి చదివేది. అదే గదిలో, అదే వేళకి, చెల్లి చెవుల్లో డాక్టర్లు మాట్లాడుతుండేవారు. వాళ్ళలో ఒకాయనకి చిన్నక్క మింగుడు డాక్టరని పేరు పెట్టుకుంది. ప్రతి వాక్యం చివర రెండు మాటలు మింగేస్తాడు. కొత్త పని, కొత్త భయం. ముప్పై ఒక్క రోజులు పళ్ళ బిగువున ఓర్చుకుంది. ముప్పై రెండో రోజు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, అటు తిరక్కుండానే అంది.

"అక్కా, నీ దేవుడికి చెవుడా? మనసులో చదువుకోరాదూ? ఉన్న ఈ ఒక్క పనీ ఊడిపోతే ఇద్దరం కలిసి చదువుకుందాంలే."

పెద్దక్క అలాగేలే అంది. పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది. అంతే. ఆ తర్వాత ఆమె గొంతు పొద్దున పూట ఆ గదిలో ఎప్పుడూ లేవలేదు. మిగిలిన తొమ్మిది రోజులూ మనసులో చదువుకుందో, అక్కడే ఆపేసిందో చిన్నక్కకి తెలియదు. తను ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టే కూర్చునేది. తిరిగి చూడలేదు. తర్వాత అడగలేదు. అడక్కపోవడం కొన్నాళ్ళకి అలవాటైపోయింది.

ఆ వారంలోనే పెద్దక్క ఒక మెత్త కుట్టింది. ముదురు నీలం గుడ్డ, లోపల మూడు వేళ్ళ మందాన దూది, నాలుగు మూలలా పసుపు దారంతో కుట్లు. లాప్‌టాప్ కొలతకి సరిగ్గా సరిపోయేలా కుట్టి, ఎత్తి దాని కింద పెట్టింది. మనకి అన్నం పెట్టే వస్తువుని ఒట్టి చెక్క మీద కూర్చోబెడతావేంటే అంది. రోజూ పొద్దున్నే లాప్‌టాప్‌ని పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, మెత్తని బాల్కనీలో దులిపి, మళ్ళీ వేసేది. చివరి జబ్బు వచ్చేదాకా ఒక్క రోజు మానలేదు.

ఆమె పోయాక ఆ మెత్తని ఎవరూ దులపలేదు. చిన్నక్క ఆ లాప్‌టాప్‌ని జరపను కూడా జరపలేదు. అక్క చివరిసారి పెట్టిన చోట అలాగే ఉంది.

ఈ మధ్యే అది రొద మొదలుపెట్టింది. మొదట దగ్గు వచ్చేముందు గొంతు సవరించుకున్నట్టు చిన్న గురగుర. నెల తిరిగేసరికి లోపల పిండిమర పెట్టారా అన్నట్టు తయారైంది. లోపలి ఫ్యాన్ తిరిగే చప్పుడది. ఫైలు తెరిస్తే చాలు ఎత్తుకునేది. కింద వాటా ఆవిడ మెట్ల మీద ఆపి, మిక్సీ అంతసేపు వేస్తున్నారు, చుట్టాలొచ్చారా అని అడిగింది. చిన్నక్క నవ్వి ఊరుకుంది. ఆ ఇంటికి చుట్టమంటూ వచ్చి ఎన్నాళ్ళయిందో.

నిజం చెప్పాలంటే ఆ రొద ఆమెకి మొదట్లో చెడ్డగా అనిపించలేదు. గదిలో ఇంకెవరో మసులుతున్నట్టుండేది. సెలవు రోజున పని లేకపోయినా రెండుసార్లు లాప్‌టాప్ తెరిచి, ఏదో పాత ఫైలు పెట్టి, దాని పక్కన కూర్చుని కూరగాయలు తరుక్కుంది. కంపెనీకి చెప్పి బాగు చేయించుకోవాలని తెలుసు. ఇవాళ రేపు అంటూ మూడు వారాలు గడిపేసింది.

కానీ మింగుడు డాక్టరు మింగగా మిగిలినదాన్ని ఇప్పుడు ఫ్యాన్ మింగుతోంది. హెడ్‌ఫోన్ ఎంత బిగించి పెట్టుకున్నా లోపలికి దూరుతోంది. వాళ్ళ పనిలో ఒక కట్టుబాటుంది. మాట వినబడకపోతే ఊహించి రాయకూడదు. ఆ చోట ఒక గీత గీసి వదిలెయ్యాలి. విన్నవాళ్ళెవరో తర్వాత పూరిస్తారు. అది రోగి ప్రాణంతో పని కాబట్టి, ఊహ కన్నా గీత నయం. ఒక ఫైల్లో మూడు గీతలు దాటితే మాత్రం ఆ ఫైలు వెనక్కొస్తుంది. ఏడేళ్ళలో చిన్నక్కకి వెనక్కొచ్చినవి నాలుగు. ఈ మూడు వారాల్లో పదకొండు.

సూపర్వైజరమ్మ ఫోన్ చేసింది. వయసులో చిన్నదే, మాట మెత్తన. మేడం, మీ ఫైళ్ళు ముత్యాల్లా ఉండేవి, ఇప్పుడు దువ్వెన పళ్ళలా గీతలే కనిపిస్తున్నాయి, చెవులు చూపించుకున్నారా అని అడిగింది. చెవులు కాదమ్మా, లాప్‌టాప్ అని చెప్పుకుంది చిన్నక్క. అయితే మనిషిని పంపిస్తాను, కానీ శుక్రవారం కల్లా సర్దుకోకపోతే మీ డాక్టర్లని వేరేవాళ్ళకి ఇమ్మని పైనుంచి చెప్పారు, నా చేతుల్లో లేదు అంది. అది సోమవారం. మింగుడు డాక్టరు వేరేవాళ్ళ చెవులకి వెళ్ళిపోతే, చిన్నక్కతో రోజూ మాట్లాడేవాళ్ళు ఇక ఎవరూ ఉండరు. ఆయనకి తన ముఖమైనా తెలియదు, అయినా సరే.

మర్నాడు మెకానిక్ ఫోన్ చేశాడు. వచ్చేముందు నాలుగు ప్రశ్నలడగడం వాళ్ళ పద్ధతట. ఎండలో పెడుతున్నారా, లేదు. ఎప్పుడైనా కింద పడిందా, లేదు. మంచం మీద గానీ, మెత్తటిదాని మీద గానీ పెట్టి వాడుతున్నారా?

"అయ్యో, లేదండీ. ఎప్పుడూ బల్ల మీదే. చాలా భద్రంగా చూసుకుంటాం."

ఆమె అబద్ధమాడలేదు. మెత్తటిది అనగానే ఆమెకి దిండ్లూ దుప్పట్లూ గుర్తొచ్చాయి. అక్క కుట్టింది మెత్తటి వస్తువుల లెక్కలోకి వస్తుందని ఆమె బుర్రకి తట్టనే లేదు. అది లాప్‌టాప్ కూర్చునే పీట, అంతే.

బుధవారం పదింటికి మెకానిక్ వచ్చాడు. రిటైరు కావలసిన వయసు, భుజాన పాత సంచి, మెట్లెక్కిన ఆయాసం. లాప్‌టాప్ తెరవమన్నాడు. అది రొద ఎత్తుకుంది. ఆయన తల ఒక పక్కకి వాల్చి, డాక్టరు గుండె విన్నట్టు విన్నాడు. తర్వాత దాన్ని ఎత్తబోయి, కింద వేలు పెట్టి, ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా?"

"పీటండీ. మా అక్క కుట్టింది."

"ఫోన్లో మెత్తటిదేం లేదన్నారు."

"బల్ల మీదే కదండీ ఉంది?"

ఆయన నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు. లాప్‌టాప్‌ని తిరగేసి, అడుగున ఉన్న సన్నటి కంతల వరస చూపించాడు. "ఇదిగో, దీని ముక్కు ఇక్కడుంది. మనిషిని పరుపు మీద బోర్లా పడుకోబెట్టి, పైన బరువు పెట్టి, ఊపిరాడక ఎగరోజుతోంది చూడండని నన్ను పిలిచారు. ఇన్నాళ్ళు బతికిందంటే గట్టి పిండం."

అడుగు రేకు విప్పాడు. ఫ్యాన్ రెక్కల చుట్టూ దుమ్ము చాపలా పేరుకుని ఉంది. పట్టుకారుతో లాగితే చుట్టచుట్టుకుని వచ్చింది. బూడిద రంగు దుమ్ములో అక్కడక్కడా నీలం నూగు. దాన్ని కాగితంలో పొట్లం కట్టి పారేయబోతే చిన్నక్క చెయ్యి చాచింది. ఆయన పొట్లం ఇచ్చేశాడు. రోజూ దులిపితే ఇంత పేరుకునేది కాదమ్మా అన్నాడు. దులిపే మనిషి ఉండేదండీ అంది ఆమె. ఆయన బిగిస్తున్న మర మీద నుంచి తలెత్తలేదు. అక్కగారు బాగానే కుట్టారు, కాకపోతే దీనికి పనికిరాదు, వేరే దేనికైనా వాడండి అన్నాడు మెల్లగా.

పోతూ పోతూ వంటింట్లోంచి నాలుగు సీసా మూతలు అడిగి తీసుకుని, లాప్‌టాప్ నాలుగు మూలల కిందా పెట్టాడు. గాలి ఆడితే చాలు, వేలు పెట్టి కొనే స్టాండ్లు అక్కర్లేదని చెప్పాడు.

తలుపు వేసి వచ్చి ఆమె ఫైలు తెరిచింది. రొద లేదు. మింగుడు డాక్టరు పక్క కుర్చీలో కూర్చున్నట్టు వినిపించాడు, మింగిన మాటలతో సహా. ఒక్క గీత లేకుండా పూర్తిచేసి, పంపి, హెడ్‌ఫోన్ తీసింది.

అప్పుడు తెలిసింది ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో. వంటింట్లో కుళాయి చుక్క పడుతోంది. పై వాటాలో ఎవరో కుర్చీ జరిపారు. తన ఊపిరి తనకే వినబడుతోంది. ఏడేళ్ళ కింద తను అడిగిన నిశ్శబ్దం ఇదే. అక్క అప్పుడే ఇచ్చేసింది, అడిగిన దానికన్నా ఎక్కువే ఇచ్చి వెళ్ళింది.

నీలం మెత్త బల్ల చివర ఖాళీగా పడి ఉంది. మధ్యలో లాప్‌టాప్ మేర నలిగి గుంటపడింది. దాన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి దులిపింది. రెండేళ్ళ దుమ్ము, దగ్గొచ్చింది.

పుస్తకం అలమరలో గుడ్డ చుట్టి ఉంది. అక్క పోయాక దాన్ని తెరవడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు విప్పింది. చదివినంత వరకూ గుర్తుగా పెట్టుకునే ఎర్ర దారం ముప్పై రెండో అధ్యాయం దగ్గరే ఉంది. అక్కడే ఆపేసిందనా? లేక మనసులో చదువుకున్నదానికి దారం జరపక్కర్లేదనుకుందా? వినబడనిదాన్ని ఊహించి రాయకూడదు. ఆ తొమ్మిది రోజుల చోటా తొమ్మిది గీతలు ఉన్నాయి, అంతవరకే చిన్నక్కకి తెలిసింది. మొక్కింది తన పని కోసం. పని దొరికింది. బాకీ ఎవరిదో కొత్తగా తేల్చుకోవలసిందేమీ లేదు.

ఆ సాయంత్రం సూపర్వైజరమ్మకి ఫోన్ చేసింది. రేపటి నుంచి తొమ్మిది రోజులు మొదటి ఫైలు అరగంట ఆలస్యంగా పంపితే కుదురుతుందా, పొద్దున ఇంట్లో చిన్న పనుంది అని అడిగింది.

"దానికేముంది మేడం, పంపండి. తొమ్మిదిన్నరకి చూస్తానని రాసుకుంటా," అంది ఆ అమ్మాయి. ఇవాళ్టి ఫైలు చూశాను, మళ్ళీ ముత్యాల్లా ఉంది, మీ డాక్టర్లు మీకే ఉంటారని కూడా చెప్పింది.

చిన్నక్క ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుంది. ఇంతేనా? ఒక్క మాట. ఏడేళ్ళ కింద ఈ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. పై వాళ్ళని అడగడానికి భయపడి, భయం లేని చోట నోరు పారేసుకుంది. ఏడుపొచ్చింది. ఎవరూ చూసేవాళ్ళు లేరు గనక తీరిగ్గా ఏడ్చింది.

మర్నాడు ఏడింటికి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో నీలం మెత్త పెట్టుకుని, దాని మీద పుస్తకం తెరిచింది. మొదటి రోజు గొంతు తుప్పుపట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. ఇంట్లో పైకి మాట్లాడి ఎన్నాళ్ళయిందో అప్పుడే తెలిసింది. రెండో రోజు ఒక పదం దగ్గర తడబడింది. అక్క ఆ పదాన్ని ఎలా సాగదీసేదో చెవిలో ఉంది, అలాగే సాగదీసింది. నాలుగో రోజు కింద వాటా ఆవిడ మెట్ల మీద కనిపించి, మిక్సీ బాగైనట్టుందే, ఎవరో చదువుతున్నట్టు వినిపిస్తోంది, పెద్దక్కే గుర్తొచ్చింది అంది. చిన్నక్క ఈసారి నవ్వి ఊరుకోలేదు. నేనేనండీ, రేపు పొద్దున తలుపు తీసే ఉంటుంది, వినాలనుంటే రండి అంది. ఆవిడ వస్తానంది. రాలేదు. తలుపు మాత్రం తీసే ఉంది.

మనసులో చదివితే చేరుతుందో లేదో చిన్నక్కకి ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి దేవుడూ అక్కా చూసుకుంటారు. తన వంతు పైకి చదవడం.

తొమ్మిదో రోజు నలభయ్యో అధ్యాయం ఆఖరి వాక్యం వరకూ, ఎక్కడా మింగకుండా, గొంతెత్తి చదివింది. ఎర్ర దారాన్ని చివరి పేజీలోకి జరిపింది.

"అయిపోయిందక్కా" అని కిటికీ వైపు తిరిగి చెప్పి, పుస్తకం మూసి, హెడ్‌ఫోన్ తగిలించుకుంది.